దైవాధీనం మంచం దగ్గర

బ్రదర్ శౌరి క్యాథలిక్ గురువు, అంటే ఫాదర్ కావడానికి చదువుకుంటున్నాడు. ఆ ఏడాది అతన్ని పల్నాడులో ఒక చిన్న విచారణ గుడికి పంపారు, ముసలి ఫాదర్ జోజప్ప దగ్గర పని నేర్చుకోమని. పని సంగతి ఎలా ఉన్నా, వాదన మాత్రం అతనికి బాగా వచ్చు.

ఆ ఊళ్ళో దైవాధీనం అనే మిరప రైతు మంచం పట్టాడు. గుంటూరు డాక్టర్లు ఇంటికి తీసుకెళ్ళమన్నారు. అతను పుట్టింది లూథరన్ కుటుంబంలో. తెరేసమ్మను చేసుకున్నప్పుడు క్యాథలిక్ గుడికి వచ్చాడు. అతని అన్న జీవరత్నం మాత్రం లూథరన్ సంఘంలో పెద్ద.

ఫాదర్‌కు జ్వరం. అందుకని రోజూ శౌరే వెళ్ళి జపం చేసి వచ్చేవాడు. వెళ్ళినప్పుడల్లా జీవరత్నం అక్కడే ఉండేవాడు. మంచానికి అటూ ఇటూ నిలబడి ఇద్దరూ మాటామాటా అనుకునేవాళ్ళు.

ఒక సాయంత్రం శౌరి ఉత్సాహంగా తిరిగొచ్చాడు.

“విశ్వాసం ఒక్కటే చాలు, మాకు చెప్పడానికి పోపు గారెవరు అంటాడు ఆ జీవరత్నం, ఫాదర్. మీ చేతిలో ఉన్న బైబిల్లో ఏ పుస్తకాలు ఉండాలో, ఏవి ఉండకూడదో తేల్చి చెప్పింది మా క్యాథలిక్ తిరుసభే గదా అన్నాను. ఇంక నోరు మెదపలేదు.”

జోజప్ప కళ్ళు మూసుకునే విన్నాడు.

“దైవాధీనం ఏమన్నాడు?”

“ఆయనేమీ అనలేదు ఫాదర్.”

ముసలాయన దుప్పటి తీసి పక్కన పెట్టాడు. చెప్పుల కోసం కాలితో వెతుక్కున్నాడు. “పద,” అన్నాడు.

తెరేసమ్మ గడప మీద కూర్చుని ఉంది. ఫాదర్‌ని చూసి లేచి కొంగు సర్దుకుంది.

“ఇద్దరూ మంచి మాటలే చెబుతున్నారు ఫాదర్. ఆయనకే నిద్ర పట్టడం లేదు.”

లోపల జీవరత్నం తలుపుకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. దైవాధీనం కళ్ళు లోతుకు పోయాయి. ఫాదర్ చెయ్యి దొరకగానే గట్టిగా పట్టుకున్నాడు.

“నేను వచ్చిన దారి తప్పంటాడు అన్న. వెనక్కి చూస్తే నాశనమంటారు బ్రదర్ గారు. ఇద్దరూ చదువుకున్నవాళ్ళు. నేను తప్పు వైపున చచ్చిపోతే ఎట్లా ఫాదర్?”

శౌరి, జీవరత్నం ఒక్కసారే నోరు తెరిచారు. జోజప్ప వాళ్ళ వైపు చూడలేదు. మంచం అంచున మెల్లగా కూర్చున్నాడు. నడిచి వచ్చినందుకు ఆయనకింకా ఆయాసం తీరలేదు.

“చిన్నప్పుడు మీ అమ్మ నీకు పరలోక ప్రార్థన నేర్పిందా?”

“నేర్పింది. పెళ్ళయ్యాక ఆ మాటలు అనలేదు ఫాదర్. మన జపంలో మాటలు వేరు గదా.”

జోజప్ప కళ్ళు మూసుకుని మొదలుపెట్టాడు. శౌరి కూడా అలవాటుగా పెదవులు కదిపి, అంతలోనే ఆగిపోయాడు. ఫాదర్ చెబుతున్నవి రోజూ పూజలో చెప్పే మాటలు కావు. లూథరన్ బళ్ళో పిల్లలకు నేర్పే మాటలు.

దైవాధీనం గొంతు సన్నగా కలిసింది. సగం దాకా వచ్చాక ఫాదర్‌కు ఒక మాట గుర్తు రాక ఆగాడు. దైవాధీనమే ఆ మాట అందించి ముందుకు నడిపించాడు. తలుపు దగ్గర్నుంచి జీవరత్నం గొంతు కూడా వినిపించింది. క్యాథలిక్కులు ఆమెన్ అని ముగించే చోట ఫాదర్ ముగించలేదు. లూథరన్లు చివర కలుపుకునే ఆ ఒక్క వాక్యాన్నీ వాళ్ళతో పాటు చెప్పాడు.

తర్వాత జేబులోంచి అభ్యంగనపు తైలం, జబ్బుపడ్డవాళ్ళకు జపం చేసి పూసేది, తీశాడు. ఎవరూ అడగకుండానే జీవరత్నం ముందుకు వచ్చి, తమ్ముడి తలను తన అరచేతిలోకి ఎత్తి పట్టుకున్నాడు. ఫాదర్ ఆ తైలంతో దైవాధీనం నుదుటి మీద సిలువ గుర్తు వేశాడు.

కాసేపటికి దైవాధీనం నిద్రపోయాడు. తెరేసమ్మ వచ్చి అతని పాదాల దాకా దుప్పటి లాగింది.

తిరుగు దారిలో జోజప్పకు కాళ్ళు ఆడలేదు. కల్వర్టు గట్టు మీద కూర్చుండిపోయాడు. కల్లాల్లో ఆరబోసిన మిరపకాయల ఘాటుకు దగ్గొచ్చింది. దగ్గు తగ్గేదాకా శౌరి పక్కనే నిలబడ్డాడు. తర్వాత ఇంక ఉండబట్టలేక అడిగాడు.

“వాళ్ళు చెప్పేదాంట్లో తప్పు లేదంటారా ఫాదర్?”

“ఉంది.”

“మరి నేను వాదించింది?”

“చాలావరకు నిజమే.”

ముసలాయన అతని భుజం పట్టుకుని కష్టంగా లేచాడు.

“ఆ నిజం రేపు కూడా నిజంగానే ఉంటుంది నాయనా. దైవాధీనం ఉంటాడో లేదో.”