భోజనం మంజూరు కాలేదు

నేనెప్పుడూ ఏదీ రాసింది లేదు. అయిదో తరగతితో బడి మానేశాను. నిన్న ఇంటి లోను కోసం బ్యాంకుకి వెళితే ముందు ప్రాసెసింగు ఫీజు కట్టమన్నారు. లోను రాకపోతే అది తిరిగిస్తారా అని అడగడానికి నోరు రాక, కట్టకుండానే వచ్చేశాను. ఇంట్లో చెప్పుకోవడానికి ఎవరూ లేరు. అందుకని ఈ కథ కాగితానికి చెబుతున్నా.

ఎక్కడో ఒక రాజ్యం ఉండేదట. ఇల్లు కట్టుకునేవాళ్లకి ఖజానా నుంచి అప్పిస్తానని రాజు చాటింపు వేయించాడు. తనంత దయగల ప్రభువు లేడని మురిసిపోయేవాడు.

గవరమ్మ ఒంటరిది. బుట్టలల్లుకుని బతికేది, పరాయి అరుగుల మీద పడుకునేది. తను గడియ పెట్టుకునే తలుపొకటి ఉండాలని ఆశ. అప్పు కోసం ఖజానాకి వెళితే, అర్జీ చూడ్డానికి రుసుము, స్థలం చూడ్డానికి రుసుము, ముద్రకి రుసుము అన్నారు. వెండి కడియాలు ఇచ్చేసింది. చివరికి అప్పు రాదన్నారు. కడియాలూ రావన్నారు.

కోట మెట్ల మీద ఏడుస్తున్న ఆమెని ఆస్థాన విదూషకుడు పేరయ్య చూశాడు. సంగతి విని, రాజుని ఇంటికి భోజనానికి పిలిచాడు.

రాజు ఆకలితో వచ్చాడు. పేరయ్య గుమ్మంలోనే చెయ్యి చాపాడు.

"విస్తరి వెయ్యడానికి రుసుము, ప్రభూ."

ఇదేదో వేళాకోళం అనుకుని రాజు ఉంగరం ఇచ్చాడు.

"విస్తరి మీద నీళ్లు చల్లడానికి?"

హారం ఇచ్చాడు.

"తమ ఆకలి ఎంతో అంచనా కట్టడానికి?"

కంకణం ఇచ్చాడు. లోపల్నుంచి పులుసు వాసన వస్తోంది. పేరయ్య వంటింట్లోకి వెళ్లి, చేతులు కట్టుకుని తిరిగొచ్చాడు.

"బాగా ఆలోచించాం ప్రభూ. తమకి భోజనం మంజూరు కాలేదు."

"ఏమిట్రా! అయితే నా నగలు ఇచ్చెయ్!"

"అవి రావు ప్రభూ. విస్తరి వేశాం, నీళ్లు చల్లాం, అంచనా కట్టాం."

"రావని ముందే చెప్పొద్దట్రా!"

"తమ కోట మెట్ల మీద కూర్చుని గవరమ్మ అనే ఆవిడ కూడా అదే అడుగుతోంది ప్రభూ."

ఆమె కథంతా విని రాజు ఖాళీ విస్తరి వంక చూశాడు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు. గవరమ్మకి కడియాలూ అప్పూ ఇప్పించాడు. ఏ రుసుము తిరిగొస్తుందో, ఏది రాదో పుచ్చుకోకముందే చెప్పాలని ఆజ్ఞ వేశాడు.

"నగలు నీకేరా. ఇంకేం కావాలి?"

"ఈ ఇంట్లో రెండో విస్తరి వేసి ఏళ్లయింది ప్రభూ. కూర్చుని తినండి, చాలు."

ఇది రాసి పడుకున్నా. పొద్దున్నే బ్యాంకుకి వెళ్లి, పర్సు తియ్యకుండానే కౌంటరు దగ్గర నిలబడి అడిగాను. నా గొంతు నాకే వినపడలేదు.

"ఏంటమ్మా?" అన్నాడు కౌంటరులోని అబ్బాయి.

మళ్లీ అడిగాను, ఈసారి గట్టిగా.