రాజుగారి కాలికి బద్దల కట్టు

వెనకటికి గిరిదుర్గమనే ఒకానొక రాజ్యాన్ని చండకేతుడనే రాజు ఏలేవాడు. తాను చేసిన శాసనాలంటే ఆయనకు మహా ముచ్చట. దెబ్బ తగిలినవాడు నెలలోగా తానే సభకు వచ్చి మొరపెట్టుకోవాలి, గడువు దాటితే ఆ మొర చెల్లదు అన్నది వాటిలో ఒకటి.

ఒకనాడు గాజులమ్మే ఓబులమ్మ కర్ర ఊతంతో కుంటుతూ సభకు వచ్చింది. రాజుగారి రథం తగిలి ఆమె కాలు విరిగింది. రెండు నెలలు మంచం దిగలేదు. గంప నెత్తికెత్తుకుని ఊరూరా తిరిగితేనే ఆమె ఇంట్లో పొయ్యి వెలిగేది.

"గడువు దాటింది. వెళ్ళు," అన్నాడు రాజు.

"కాలు కదిలితే ఆనాడే వచ్చేదాన్ని దొరా."

"నిజంగా దెబ్బ తగిలినవాడు పాక్కుంటూనైనా వస్తాడు. నేనైతే వచ్చేవాణ్ణి."

ఓబులమ్మ కళ్ళు తుడుచుకోవడం చూసి ఆస్థాన కవి తిప్పన మనసు చివుక్కుమంది. ఎదురు చెబితే రాజు మొండికేస్తాడని అతనికి తెలుసు. అందుకని పొగడ్త అందుకున్నాడు.

"ప్రభువులు సెలవిచ్చింది అక్షరాలా నిజం. అయినా లోకులు నమ్మొద్దూ? రేపు తమరు కాలికి బద్దలు కట్టించుకుని, ఎవరి సాయమూ లేకుండా అంతఃపురం నుంచి సభకు వచ్చి చూపించండి. మధ్యాహ్నం గంట కొట్టేదాకా గడువు. ఇక నోరెత్తేవాడుండడు."

"అంతసేపెందుకు? తాంబూలం నమిలేలోగా వస్తాను," అన్నాడు రాజు మీసం దువ్వుతూ.

మర్నాడు వైద్యుడు ఆయన కాలికి తొడ నుంచి మడమదాకా వెదురుబద్దలు బిగించి కట్టాడు. గది దాటేసరికే రాజుకు చెమటలు పట్టాయి. మెట్ల దగ్గర ఒంటికాలి మీద గెంతబోయి చతికిలబడ్డాడు. కిరీటం దొర్లుకుంటూ కిందికి పోయింది. బంట్లు తలలు వంచుకుని నిలబడ్డారేగాని ఒక్కడూ కదల్లేదు. అక్కడ కూర్చుని ఉండగానే గంట మోగింది.

తిప్పన కిరీటం తెచ్చి అందించాడు. "గడువు దాటింది ప్రభూ."

"కాలు బిగదీసి కట్టేస్తే ఎలా వస్తానయ్యా?" అని కసిరాడు రాజు.

"ఓబులమ్మ మనవి చేసిందీ అదే. తమకు పైన కట్టు మాత్రమే ఉంది. ఆమెకు లోపల ఎముక కూడా విరిగింది."

రాజు గతుక్కుమన్నాడు. కాస్త తేరుకుని, "అయితే గడువే వద్దంటావా? మీ తాత రథం మా తాతను గుద్దిందని ఎవడో వస్తే సాక్షిని ఎక్కణ్ణుంచి తేను?" అన్నాడు.

"గడువు ఉండాల్సిందే ప్రభూ. కాకపోతే రథం తగిలిన రోజు నుంచి కాదు, మనిషి లేచి నిలబడగలిగిన రోజు నుంచి లెక్కపెట్టించండి."

రాజు తన కాలి వంక చూసుకున్నాడు. అక్కడికక్కడే శాసనం దిద్దించి, ఓబులమ్మను పిలిపించి, కాలు బాగుపడేదాకా తిండీ వైద్యమూ తన ఖర్చేనన్నాడు. గాజులు అమ్ముకోవడానికి ఒంటెద్దు బండి కూడా ఇప్పించాడు.

"ఇక ఈ కట్టు విప్పించవయ్యా," అన్నాడు తిప్పనతో.

"విప్పిస్తాను ప్రభూ. విప్పిన నాటి నుంచి తమకూ నెల గడువుంది. నామీద మొరపెట్టుకోవచ్చు."

రాజు మెట్ల మీదే పకపకా నవ్వి, మెడలోని ముత్యాల హారం తీసి తిప్పన మెడలో వేశాడు.