చీమిడి అనకూడదట

ఫణిశర్మకి ఒళ్ళు మండిపోతోంది. వైద్యగ్రంథాలన్నీ కంఠతా పట్టినవాడాయె, ఎక్కడ అడిగినా తడుముకోకుండా అప్పజెప్పగలడు. అలాంటివాడి చేత గురువు మార్కండేయులుగారు ఇంకా శొంఠి దంచిస్తున్నారు. రోగిని ముట్టనివ్వరు! నేనేం తక్కువ తిన్నానని, అని రోజూ లోలోపల ఉడికిపోయేవాడు.

ఆ పొద్దున గురువుగారు పెరట్లో మూలికలు ఆరబోస్తున్నారు. అరుగు మీద శర్మ ఒక్కడే కూర్చున్నాడు. గొల్ల నూకాలు చంటిబిడ్డని చంకనేసుకుని పరుగున వచ్చింది.

"బాబూ, గుంటడికి ముక్కంతా చీమిడి కట్టేసింది. పాలు తాగనేకపోతన్నాడు. ఊపిరాడతం నేదు."

ఇన్నాళ్ళకి రోగి చిక్కాడు కదా, శర్మగారు ఉత్తరీయం సర్దుకుని, కాస్త ఎడంగా జరిగాడు.

"చీమిడి అనకూడదు. శ్లేష్మం అనాలి."

"ఏదో ఒకటి బాబూ! ముందు గుంటణ్ణి సూడు!"

"రోగం పేరే పలకలేనిదానివి, మందేం వాడతావు? ఏదీ, శ్లేష్మం అను."

"సెలేసమం..."

"ఛ, కాదు. శ్లే..."

బిడ్డ పెదాలు నల్లబడుతున్నాయి. నూకాలుకి ఎక్కడలేని కోపం తన్నుకొచ్చింది.

"నీ సదువు సట్టుబండలైపోనూ! నా బిడ్డ సచ్చిపోతన్నాడయ్యా!"

ఆ కేకకి గురువుగారు పరుగెత్తుకొచ్చారు. ఏమైందని అడగలేదు. బిడ్డని అందుకుని, ఆ చిట్టి ముక్కుకి నోరు ఆనించి పీల్చి, పక్కకి ఉమ్మారు. మళ్ళీ పీల్చారు, మళ్ళీ ఉమ్మారు. బిడ్డ కెవ్వుమన్నాడు. నూకాలు అరుగు కింద కూలబడి భోరుమంది.

శర్మ మొహం తిప్పుకున్నాడు. రామ రామ, నోటితోనా! గురువుగారు అది చూడనే చూశారు. ఆయన కళ్ళు చింతనిప్పులయ్యాయి.

"శ్లేష్మం అంటే ఏమిటిరా?"

హమ్మయ్య, తెలిసిన ప్రశ్నే అడిగారనుకున్నాడు శర్మ. గొంతు సవరించుకున్నాడు.

"శ్లిష్ అనే ధాతువు నుంచి పుట్టిందండి. కౌగిలించుకోవడం అని అర్థం. ఒంట్లో ఉన్నవాటినన్నిటినీ విడిపోకుండా పట్టి ఉంచుతుంది కనక..."

"నోర్ముయ్!"

అంతలో బిడ్డ ముక్కులో మళ్ళీ గురగుర మొదలైంది. గురువుగారు వాణ్ణి తీసుకెళ్ళి శర్మ ఒళ్ళో పెట్టారు. తెల్లటి ఉత్తరీయమంతా చీమిడి అంటుకుంది.

"అర్థం బాగానే చెప్పావు. ఇక కౌగిలించుకో."

శర్మ బిడ్డ మొహం మీదికి వంగాడు.