టక్కు వైద్యం

తొలివాన పడేలోగా పోలయ్య అనే ఎద్దు లేచి నిలబడాలి. లేకపోతే యజమాని సంతకు తోలేస్తాడు. ఆ సంతకు పోయిన ఎద్దు తిరిగొచ్చి అక్కడి కబుర్లు చెప్పిన పాపాన పోలేదు. వెనక కాలేమో నొప్పితో కింద ఆనడం లేదు.

కొంగ వైద్యుడొచ్చి గిట్ట చూశాడు. "లోపల ముల్లు విరిగి చీము పట్టింది. కోసి తియ్యాలి. కొన్నాళ్లు నరకమే. తర్వాత హాయిగా దున్నుకోవచ్చు."

"కోస్తారా! ఆలోచించుకుని చెబుతానండీ."

ఈ మాట నక్క చెవిన పడింది. సాయంత్రానికల్లా కొట్టంలో ప్రత్యక్షం.

"పోలయ్య బావా, కాలు నొప్పంటే కాలే చూస్తాడా ఎవడైనా? కిటుకంతా వెన్నుపూసలో ఉంది. కోత లేదు, మందు లేదు. ఒక్క టక్కు, అంతే!"

"ఫీజో?"

"మన మధ్య ఫీజులా! రాత్రిళ్లు నీ మెడలో గంట మోగనివ్వకు. నాకు చప్పుడు పడదు."

నక్క వీపెక్కి తొక్కింది. టక్!

"విన్నావా? పూస చోట్లో పడింది."

విరిగింది నక్క పళ్ల మధ్య ఎండు కందిపుల్ల. వీపు మాత్రం నిజంగానే తేలికైంది. పాపం, జబ్బు వీపుది కాదు.

ఇక రోజూ టక్కే. కొంగ మళ్లీ వస్తే, "నాకు టక్కు జరుగుతోందండీ" అని పోలయ్య గర్వంగా చెప్పి పంపేశాడు.

పక్క గూట్లో కోడి ఏడ్చింది. "నక్క వస్తే గంట ఊపేవాడివి గదయ్యా! రాత్రి నా పిల్లలు పోయాయి."

"కదిలితే టక్కు చెడుతుందమ్మా."

వాన పడింది. యజమాని కాడి తెచ్చాడు. పోలయ్య లేవబోయి కూలబడ్డాడు. కొంగ ఎగిరొచ్చి, గిట్ట వాసన చూసి తల దించుకున్నాడు. "ముల్లున్నప్పుడు పిలవాల్సింది నాయనా. ఇప్పుడు గిట్టే మిగల్లేదు."

పోలయ్యను ఎక్కించుకుని సంతకు పోయే బండి చెరువు గట్టు మీదుగా వెళ్తోంది. కొంగ ముంగిట్లో నక్క ముందు కాలు ఎత్తి పట్టుకుని కూర్చుంది.

"ఏం బావా, నువ్వూ ఇక్కడికేనా?" బండిలోంచి పోలయ్య అడిగాడు.

"ముల్లు దిగింది బావా."

"ఒక టక్కు వేయించుకోలేకపోయావా?"

నక్క అటు తిరిగింది.

"టక్కంటే టక్కేనని పేరులోనే చెప్పావు గదా. నేనే చప్పుడనుకున్నాను."

బండి కుదుపుకు పోలయ్య మెడలో గంట ఇన్నాళ్లకు గణగణా మోగింది. వినాల్సిన కోడిపిల్లలు లేవు.

నీతి: వైద్యం చేస్తానన్నవాడికి ముల్లు దిగితే ఎవరి దగ్గరికి పోతాడో చూసి, నువ్వూ అక్కడికే పో.