చారల చీర సాక్ష్యం

పట్టాభిషేకం నీళ్లకు ఒక ఇత్తడి బిందె కావలసి వచ్చింది. పోటీకి రెండు వచ్చాయి. రెండూ అద్దాల్లా మెరుస్తున్నాయి. పరీక్షాధికారి భూషణయ్య రాజుగారి ఎదుటే రెండింటినీ చేత్తో తడిమి, తన బావమరిది చేసిందే నున్నగా ఉందన్నాడు. కంచరి ఓబులమ్మ చేసినదాన్ని కరిగించెయ్యమన్నాడు.

ఓబులమ్మ వెళ్లి బిందెల ముందు నిలబడింది. ఆమె కట్టుకున్నది నిలువు చారల చీర. రాజుగారు వంగి చూశారు. ఆమె బిందెలో చారల నీడలు సాఫీగా వంపు తిరిగాయి. బావమరిది బిందెలో మెలికలు పడి, నడుమ విరిగిపోయాయి.

భూషణయ్య అయోమయంగా బిందె వంక చూశాడు, చీర వంక చూశాడు, మళ్లీ బిందె వంక చూశాడు.

"నీ చీర నేతే వంకరగా ఉంది," అన్నాడు చివరికి.

"చీర ఒకటేనయ్యా," అంది ఓబులమ్మ. "బిందెలే రెండు."