చెప్పి కురిసిన చిన్న మబ్బు

ఒకప్పుడు మబ్బులు ఉరిమేవి కావు. కడుపు నిండితే చాలు, ఎక్కడున్నవి అక్కడే కురిసేసేవి.

సముద్రం ఒడ్డున ఉప్పుమళ్ల మీద ఒక చిన్న మబ్బు ఉండేది. పాపం, దానికి వాన ఎప్పుడొస్తుందో తెలిసేది కాదు. తెలిసేసరికి కింద ఉప్పుకుప్పలు సగం కరిగిపోయేవి. ఉప్పు పండించే నూకాలు మామ్మ తల పట్టుకునేది. గాలి మబ్బును తిట్టి, కొండవతలికి తరిమేది. పెద్ద మబ్బులు పక్కన చోటిచ్చేవి కావు. ఒంటరిగా తిరిగీ తిరిగీ దానికి ఏడుపొచ్చేది. ఏడిస్తే మళ్లీ ఉప్పు తడిసేది.

ఒకరోజు మామ్మ మనవరాలు పైడి గౌను తడుపుకుని నిలబడింది. ఇక దీన్నీ తరిమేస్తారని మబ్బు భయపడింది. మామ్మ తరమలేదు. గౌను మార్చి, ఒళ్లో కూచోబెట్టుకుంది.

“అయిపోయాక సెప్పడం కాదమ్మా. పొట్ట కింద బరువనిపించగానే సెప్పాల. ఒక్కోపాలి తప్పిపోద్ది, పర్లేదు.”

మబ్బు ఆ మాట పట్టుకుంది. మర్నాడు కురిసేసి, ఆ తర్వాత గుడగుడమంది. గాలి పడీపడీ నవ్వింది. ఇంకోరోజు కురుస్తూ కురుస్తూ అంది. అప్పటికే ఉప్పు పోయింది. కింద పైడి కూడా అంతే, చెప్పి పెరట్లోకి పరిగెడుతూ దారిలోనే కానిచ్చేసేది. అప్పుడు తలెత్తి మబ్బు వైపు చూసేది. మబ్బును అలా చూసేవాళ్లు ఇంకెవరూ లేరు.

చివరికి ఒక మధ్యాహ్నం మబ్బుకు కడుపు బరువెక్కింది. ఇంకా ఒక్క చుక్కా రాలలేదు. ఉగ్గబట్టుకుని, గొంతు పెద్దది చేసుకుని ఉరిమింది.

మామ్మ పైకి చూసి, గబగబా కుప్పల మీద తాటాకులు కప్పింది. వాన పడినా ఒక్క ఉప్పుగల్లు కూడా కరగలేదు. ఇప్పుడు తనను మెచ్చుకుంటారని మబ్బు ఆశగా కిందికి వంగింది. అందరూ ఇళ్లలోకి పోయి తలుపులేసుకున్నారు. బయట ఎవరూ లేరు. ఇంత కష్టపడి చెప్పింది ఇందుకేనా అని దానికి గుండె చెరువైంది.

పైడి ఒక్కతే తలుపు సందులోంచి తొంగి చూసి, “ముందే సెప్పేసినావుగా” అంది. వాన హోరులో ఆ మాట మబ్బుకు వినబడలేదు.

అప్పటినుంచే మబ్బు కురిసే ముందు ఉరుముతుంది. వాన వెలిశాక కూడా, దూరంగా వెళ్లిపోతూ ఇంకోసారి మెల్లగా ఉరుముతుంది. ముందే చెప్పానుగా, ఎవరైనా విన్నారా అని అడుగుతుంది.