నాలుగో పిలుపు: రాళ్లపెంట పాతకోర్టు పిలుపులమ్మ వృత్తాంతం

రాళ్లపెంట పాత జిల్లాకోర్టు వరండాలో, సాక్షుల బోనుకు దారితీసే తలుపు పక్కన, పసుపు పూసిన రాయి ఒకటి కనబడుతుంది. ఆమే పిలుపులమ్మ. గర్భగుడి లేదు, గోపురం లేదు, వానొస్తే పైకప్పు కురుస్తుంది. ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికెళ్లి ఏడ్చాడని సామెత. ఆ కోర్టు ఏడుపులన్నీ విన్న తల్లి ఈమె.

పూర్వం ఇక్కడ, దొరల ఏలుబడిలో, మస్తానయ్య అనే డవాలా బంట్రోతు ఉండేవాడు. కక్షిదారులనూ సాక్షులనూ పేరు పెట్టి పిలవడం అతని కొలువు. మూడుసార్లు పిలవాలి, పలకకపోతే రానట్టే లెక్క. గొంతు ఖంగున మోగేది గానీ మనిషి మెత్తన.

ఒకనాడు మెట్ట పల్లెల నుంచి పెంచలమ్మ అనే ముసలామె వచ్చింది. ఆమె ఒక్కగానొక్క కొడుకు చెంగయ్య మీద హత్యానేరం మోపారు. హత్య జరిగిన రాత్రి వాడు జ్వరంతో ఆమె ఒడిలోనే ఉన్నాడు. ఆ మాట చెప్పగల సాక్షి ఆమె ఒక్కతే. పొద్దుటినుంచి వరండాలో ఆ తలుపు పక్కన పచ్చి మంచినీళ్లయినా ముట్టకుండా కూర్చున్న ఆమెను చూసి మస్తానయ్య ప్రాణం ఉసూరుమంది. నీ వంతు మధ్యాహ్నం దాకా రాదు, వాగుకు పోయి గొంతు తడుపుకుని రమ్మని తానే పంపాడు.

ఆమె అటు పోగానే జడ్జి దొర ముందున్న వ్యాజ్యం వాయిదా పడి, చెంగయ్య కేసు పైకొచ్చింది. మస్తానయ్య మూడుసార్లు పిలిచాడు. బదులు లేదు. తానే పంపానన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. దొర ముందు నోరెత్తితే కొలువు ఊడుతుందని మింగేశాడు. సర్కారు ఇచ్చిన ప్లీడరు కాగితాల్లోంచి తల ఎత్తలేదు. సాక్షి లేదని రాసుకుని దొర ఉరిశిక్ష చెప్పాడు.

తడి కొంగుతో పరుగున వచ్చిన పెంచలమ్మ, సంగతి విని మస్తానయ్య ముందు నిలబడింది.

"ఇంకొక్క తూరి పిలిస్తే నీ నోరు అరిగిపోయేదా నాయనా?"

ఆ తర్వాత ఆమె ఇంటికి పోలేదు. కొడుకును ఉరితీశాక కూడా అదే చోట కూర్చుని, ఎవరి పేరు పిలిచినా లేవబోయేది. ఒక వేసవిలో అక్కడే కన్నుమూసింది. మస్తానయ్యకు అన్నం సయించలేదు. పాపం అతనిదే, అది అతనికీ తెలుసు. ఒక తెల్లవారుజామున ఆమె కలలోకి వచ్చింది. తిట్టలేదు, శపించలేదు. తననింకా పిలవలేదేమని మాత్రం అడిగింది. మర్నాడే ఆమె కూర్చున్న చోట రాయి నిలిపి, కోర్టు మూసేముందు అందరూ వింటుండగా నాలుగోసారి పిలిచాడు. బతికినన్నాళ్లూ పిలిచాడు. పలికినవాళ్లు లేరు.

కోర్టు కొత్త మేడలోకి మారినా ఆచారం ఆగలేదు. సాయంత్రం బంట్రోతు ఇక్కడికి వచ్చి "పెంచలమ్మా" అని ఒక్క కేక వేస్తాడు. జైల్లో బిడ్డలున్న తల్లులు నీళ్ల చెంబుతో వచ్చి రాయి పక్కన కూర్చుంటారు. అమ్మను కొలిస్తే శిక్షలు తప్పుతాయని ఇక్కడ ఎవరూ చెప్పరు. చెప్పాల్సిన మాట నోట ఉండగా పిలుపు దాటిపోదని మాత్రం నమ్ముతారు. కేక వినగానే వాళ్లలో ఒక తల్లి లేచి, "ఉండానయ్యా, యాడికీ పోలేదు" అంటుంది.